కొత్త షాకప్పులు వేశాక కటకట ఎందుకు?

అనంతపురం

చిరంజీవులకు,

మీరు పంపిన రికార్డింగ్ విన్నాను. అందులో కారు శబ్దం కంటే మీ చిన్నాయన గొణుగుడే ఎక్కువగా ఉంది. అంత డబ్బు పోసి బయట కంపెనీ షాకప్పులు, స్ప్రింగులు వేయిస్తే బండి మెత్తగా పోవాల్సింది పోయి కటకటలాడుతోందంటే ఎవరికైనా మండుతుంది. బిగించినాయన "నాలుగు రోజులు తిరిగితే సెట్ అయిపోతుంది" అన్నాడట. కొత్త స్ప్రింగు కాస్త అణిగి బండి ఎత్తు కొంచెం దిగే మాట నిజమే. కానీ వదులుగా ఉన్న నట్టు తిరిగేకొద్దీ బిగుసుకోదు కదా.

ముందు డిక్కీ ఖాళీ చేయండి. జాకీ, పానాలు, స్టెప్నీ కింద దొర్లే నీళ్ల సీసా, అన్నీ బయట పెట్టి ఒక చుట్టు తిరిగి రండి. నవ్వకండి, షాకప్పుల మీద పడే నిందల్లో కొన్ని జాకీవే.

ఇప్పుడు ఎవరి పని ఏమిటో చెప్తాను. బండి బరువు మోసేది స్ప్రింగు. బరువు ఎంత పెరిగితే స్ప్రింగు అంత కదులుతుందని రాబర్ట్ హుక్ 1678లోనే అచ్చువేశాడు, మీ ఫిజిక్స్ పాఠంలో ఉంటుంది. అయితే అణిగిన స్ప్రింగు ఊరికే ఉండదు. లేస్తుంది, దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఆ ఊగుడును ఆపేది షాకప్. దాని లోపల పిస్టన్ నూనెలో కదులుతుంది. నూనె సన్న రంధ్రాల గుండా దూరాలి కాబట్టి కదలిక మందగిస్తుంది, ఆ శక్తి వేడిగా మారుతుంది. గతుకుల రోడ్డు మీద తిరిగొచ్చాక షాకప్ వెచ్చగా ఉండేది అందుకే. సన్నగా సుయ్‌మని నూనె కదిలే చప్పుడు వినబడినా అది జబ్బు కాదు.

మన చిన్న కార్లలో ఎక్కువవాటికి ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. 1940ల్లో అమెరికా ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన పద్ధతి అది. షాకప్, దాని చుట్టూ స్ప్రింగు, నెత్తిన రబ్బరు మౌంటు, బేరింగు, అన్నీ కలిసి ఒకే కట్ట. కొత్తవి వేయాలంటే ఆ కట్ట మొత్తం విప్పాలి, చాలా బండ్లలో పక్కనున్న లింక్ రాడ్ అనే సన్న కడ్డీ కూడా ఊడదీయాలి. కొత్త సామాను మంచిదే అయినా దానికి జత కలిసేవి పాత మౌంటు, కీళ్లలో ఉండే పాత రబ్బరు బుష్‌లు. పాత షాకప్ మెత్తబడి ఉన్నన్నాళ్లు ఆ బుష్‌ల అరుగుదల బయటపడదు, గట్టిది వేయగానే పడుతుంది. అందుకే నేను కొత్త వస్తువును ఆఖర్న అనుమానిస్తాను, కొత్తదీ పాతదీ కలిసే చోటును ముందు చూస్తాను.

బండి నిలబెట్టి, చిన్నాయనను స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పమనండి. బానెట్ ఎత్తి, స్ట్రట్ తలకాయ కనబడితే దాని మీద అరచేయి ఆనించండి. ఫ్యాను, బెల్టుల దగ్గరికి చేయి పోకూడదు. తిప్పుతుంటే టంగ్‌మని చేతికి అదిరితే, పై బేరింగు పట్టేసిందనో, స్ప్రింగు సరిగ్గా కూర్చోలేదనో అనుకోండి. కింది ప్లేటులో ఒక మెట్టు ఉంటుంది, స్ప్రింగు కొస దానికి ఆనాలి. ఆనకపోతే తిప్పినప్పుడల్లా జారుతుంది.

తర్వాత స్పీడ్ బ్రేకర్ పరీక్ష. రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నేరుగా పోనివ్వమనండి. ఇంకోసారి ఒక పక్క చక్రం మాత్రమే గుంతలో దిగేలా. ఒక్క చక్రం కదిలినప్పుడే టకటక ఎక్కువైతే నా అనుమానం లింక్ రాడ్ మీదికి పోతుంది. ఆ రాడ్డు తగులుకుని ఉండేది రెండు పక్కలనూ కలిపే స్టెబిలైజర్ బారుకు. ఆ బారు, ఒక చక్రం లేచి ఇంకొకటి లేవనప్పుడే మెలి తిరుగుతుంది. రెండూ కలిసి లేస్తే దానికి పెద్ద పని ఉండదు. షెడ్డులో చాలామంది ఒక పక్క జాకీ ఎత్తి, రాడ్డు ఊపి, "బాగానే ఉంది సార్" అంటారు. ఒక పక్క ఎత్తితే బారు బిగుసుకుని రాడ్డులోని వదులు కనబడదు. నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నప్పుడు ఊపి చూడమనండి.

చిన్న కంకర మీద కూడా కటకటమంటే స్ట్రట్ పై నట్టు. గాలి గన్నుతో బిగిస్తే నట్టుతో పాటు లోపలి రాడ్డు కూడా తిరుగుతుంది. బిగిసినట్టే ఉంటుంది, బిగియదు. రాడ్డును ప్లయర్‌తో పట్టుకుంటే ఇంకా ఘోరం. దాని మీద పడిన గీత నూనె సీలును కోసేస్తుంది. కంపెనీ చెప్పిన టార్క్‌కే, అంటే చెప్పినంత బిగువుకే బిగించమనండి.

పెద్ద గుంతలో మాత్రమే ధడ్‌మంటే, షాకప్ పూర్తిగా అణిగినప్పుడు దెబ్బ కాచే బంప్ స్టాప్ ఉందో లేదో చూడాలి. బండి కిందికి దించాలని పొట్టి స్ప్రింగులు వేసినవాళ్లకు ఇంకో తంటా ఉంది. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై గలగలమంటుంది. అది ఆగాలని స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చడం నాకైతే నచ్చదు.

ఎక్కువమంది మరిచేది లోయర్ ఆర్మ్ బుష్. ఆర్మ్ అంటే చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చేయి. దాని నడుమ ఇనుప గొట్టం, చుట్టూ రబ్బరు. బోల్టు బిగిస్తే గొట్టం కదలదు, ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరే మెలి పడాలి. బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగించారనుకోండి. కిందికి దించగానే ఆ రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. కిర్రుకిర్రుమంటుంది, తొందరగా చిరుగుతుంది. కొత్త స్ప్రింగుతో బండి ఎత్తు మారితే, ఎవరూ ముట్టుకోని బోల్టుకు కూడా ఇదే గతి. బరువు చక్రాల మీద ఉన్నప్పుడు వదులు చేసి మళ్ళీ బిగించాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో రబ్బరు ఎలాగూ గట్టిపడుతుంది, దానికి ఈ మెలి కూడా తోడైతే ఇంకేముంది? శబ్దం ఆగాలని మామూలు గ్రీజు పూయనివ్వకండి, రబ్బరు ఉబ్బుతుంది. అంతగా కావాలంటే సిలికాన్ గ్రీజు.

జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి మీలో ఎవరూ దూరొద్దు. ఇది తాత మాట, బతిమాలడం కాదు.

ఏ పక్క, ఏ శబ్దం, ఏ పరీక్షలో ఎక్కువైందో రాసి పెట్టుకుని ఆ కాగితంతో షెడ్డుకు పొమ్మనండి. వీల్ అలైన్‌మెంట్ మాత్రం అన్నీ అయ్యాకే. ముందే చేయిస్తే, బోల్టులు మళ్ళీ వదులు చేశాక ఆ డబ్బు దండగ.

ఇట్లు,
మీ తాత