ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తోంది?

ప్రముఖుల సోషల్ మీడియా ఖాతాలకు భద్రత పెంచాలన్న మాట మళ్లీ మొదలైంది. ఎవరో పెద్దవాళ్ల ఖాతాలో తెల్లారేసరికి క్రిప్టో ప్రకటన కనిపిస్తే చాలు, జిల్లా ఆఫీసుల వాట్సాప్ గ్రూపుల్లో హెచ్చరికలు మొదలవుతాయి. పాస్‌వర్డ్ మార్చండి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడ్ కూడా అడిగే తాళం) పెట్టుకోండి అని. నల్గొండలో అయినా, పాలమూరులో అయినా ఆ హెచ్చరిక చివరికి చేరేది ఖాతా నడిపే కుర్రాడి దగ్గరికే. ఏదైనా తేడా వస్తే ముందు నిలదీసేదీ అతన్నే.

2020 జులైలో ఒబామా, బైడెన్, మస్క్ ట్విటర్ ఖాతాల నుంచి బిట్‌కాయిన్ అడిగిన కథ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. అదే ఏడాది నల్గొండలో జరిగింది వేరు. అప్పటి జిల్లా ఎస్పీ ఎ.వి. రంగనాథ్ పేరుతో, ఫొటోతో నకిలీ ఫేస్‌బుక్ ఖాతా తెరిచి, తెలిసినవాళ్లను డబ్బులు అడిగారు. జిల్లా పోలీసులు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దాకా వెళ్లి ముఠాను పట్టుకొచ్చారు. తీరా చూస్తే అదే ముఠా చాలామంది పోలీసు అధికారుల పేర్లతో ఖాతాలు తెరిచిందని తేలింది. మంచి కేసే. కానీ అందులో ఎవరి పాస్‌వర్డూ పోలేదు, పేరూ ఫొటో కాపీ కొట్టారంతే. ఆ తర్వాత మన దగ్గర నకిలీకీ హ్యాక్‌కీ తేడా లేకుండా పోయింది. నకిలీ ఖాతా కనిపించినా ‘హ్యాక్ అయింది’ అంటారు. రాత్రి పెట్టిన పోస్టు పొద్దున ఇబ్బంది పెట్టినా అదే మాట అంటారు.

అసలు మలుపు 2023 మార్చి 20న వచ్చింది. ఇక్కడ దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. డబ్బు కట్టి చందా తీసుకోని ఖాతాలకు ఎస్సెమ్మెస్ ద్వారా వచ్చే రెండో అంచె ధ్రువీకరణను ట్విటర్ ఆ రోజు నుంచి ఆపేసింది. గడువులోగా ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్‌కో, యూఎస్‌బీ పుల్లలా ఉండే సెక్యూరిటీ కీకో మారని ఉచిత ఖాతాలకు రెండో తాళమే ఊడిపోయింది. ఎప్పుడో ఒకసారి ఫోన్ నంబర్ ఇచ్చేసి ‘పెట్టుకున్నాం’ అని నిశ్చింతగా ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియాలంటే సెట్టింగ్స్ తెరిచి చూడాలి. ఎవరు తెరుస్తారు?

ఆ తర్వాత ఏమవుతుందో అమెరికాలో స్టాక్ మార్కెట్లను నియంత్రించే ఎస్‌ఈసీ చూపించింది. 2023 జులైలో ఖాతాలోకి వెళ్లడం కష్టంగా ఉందని సిబ్బంది అడిగితే, ఎక్స్ (ట్విటర్ కొత్త పేరు) సంస్థ రెండంచెల ధ్రువీకరణను ఆపేసింది. మళ్లీ పెట్టమని ఎవరూ చెప్పలేదు. 2024 జనవరి 9న బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు (స్టాక్ మార్కెట్లో షేర్లలా కొనుక్కునే బిట్‌కాయిన్ ఫండ్లకు) అనుమతి ఇచ్చేశామంటూ ఆ ఖాతాలో పోస్టు పడింది. అబద్ధం. నిజంగా అనుమతి వచ్చింది మర్నాడు. దీని వెనుక పెద్ద సాంకేతిక విద్యేమీ లేదు. అలబామాలో ఒక యువకుడు నకిలీ గుర్తింపు కార్డు తయారుచేసుకుని ఫోన్ దుకాణానికి వెళ్లాడు. ఎస్‌ఈసీ ఖాతాకు ముడిపడి ఉన్న నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నాడు. కొత్త ఐఫోన్ కొని అందులో వేసి, పాస్‌వర్డ్ మార్చేందుకు వచ్చిన కోడ్‌ను అవతల ఉన్న హ్యాకర్లకు చెప్పాడు. పని అయ్యాక ఐఫోన్‌ను వాపస్ ఇచ్చి డబ్బు తీసుకున్నాడు. 2025లో అతనికి 14 నెలల జైలు పడింది.

అదే 2024 జనవరిలో మన రాష్ట్రంలోనూ వరుసగా మూడు జరిగాయి. అప్పటి గవర్నర్ తమిళిసై ఎక్స్ ఖాతా, అప్పటి ఎమ్మెల్సీ కవిత ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు, మంత్రి దామోదర రాజనర్సింహ ఫేస్‌బుక్ పేజీ చేజారాయి.

మన దగ్గర అలబామా పద్ధతి అంత తేలిక కాదు. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపాలని టెలికాం శాఖ 2022లోనే ఆదేశించింది. కానీ ఓటీపీ ఫోన్‌లో అడిగితే చెప్పేస్తున్నప్పుడు సిమ్ కొట్టేయాల్సిన పనేముంది? నాయకుడు దేవరకొండలో సభలో ఉంటాడు. ఫోన్ పీఏ జేబులో ఉంటుంది. పేజీ నడిపే కుర్రాడు నల్గొండ గడియారం సెంటర్ దగ్గర గదిలో కూర్చుని లైవ్ పెట్టాలి. లాగిన్ పోయింది. ‘అన్నా, నంబర్ వచ్చింది చూడు, జల్ది చెప్పు’ అని ఫోన్ చేస్తాడు. మైకుల మోతలో పీఏ నాలుగు అంకెలు చెప్పి రెండు మర్చిపోతాడు. లైవ్ ఆలస్యమైతే తిట్లు తప్పవు. రెండుసార్లు ఇలా జరిగాక ఆ రెండో అంచెను తీసేయించేది కుర్రాడా, నాయకుడా? ఎస్‌ఈసీలో జరిగిందీ ఇదే, సభ ఒక్కటే తక్కువ.

ఇక ఆ ఓటీపీకి అలవాటుపడిన పీఏకు ‘అన్నా, నంబర్ వచ్చింది చూడు’ అన్నది తన కుర్రాడో, వేరేవాడో ఎలా తెలియాలి?

పోలీసుల వాదన కూడా తీసిపారేసేది కాదు. ఎన్నిసార్లు చెప్పినా పెట్టుకోరు, పోయాక మా దగ్గరికి వస్తారు, సర్వర్లు ఉన్న కంపెనీ నుంచి వివరాలు రావడానికి టైం పడుతుంది అంటారు. నిజమే. అయితే ఖాతా నడిపేవాళ్లు చెప్పేది ఇంకొంచెం విప్పి వినాలి. పాస్‌వర్డ్ మేం అడగలేదు, ఇచ్చారు అంటారు వాళ్లు. అదే పాస్‌వర్డ్ ఫొటోగ్రాఫర్‌కూ, ఎన్నికలప్పుడు పనిచేసి వెళ్లిపోయిన ఏజెన్సీకీ, నాయకుడి తమ్ముడికీ కూడా తెలుసు. పోయిన రోజు మాత్రం ఫోన్ లాక్కుని చూసేది తమదే.

సర్కారు ఖాతాల్లో చిక్కు ఇంకో రకం. 2016 అక్టోబరులో నల్గొండ మూడు జిల్లాలైంది, మహబూబ్‌నగర్ నాలుగైంది, 2019లో నారాయణపేట కూడా వచ్చింది. ప్రతి జిల్లాకూ కలెక్టర్ ఖాతా, ఎస్పీ ఖాతా కావాల్సి వచ్చాయి. అధికారి రెండేళ్లకు బదిలీ అవుతారు, ఖాతా ఉండిపోతుంది. దాన్ని తెరిచిన నంబరు ఎవరిదో కొత్తగా వచ్చినవాళ్లు అడిగితే తప్ప బయటపడదు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. ఫేస్‌బుక్ పేజీకి పాస్‌వర్డ్ ఇవ్వకుండానే ఒక్కొక్కరికి వారి పేరుతో అనుమతి ఇవ్వొచ్చు, మనిషి వెళ్లిపోతే తీసేయొచ్చు. ఎక్స్‌లోనూ అలా ఇంకొకరికి అప్పగించే ఏర్పాటుంది. ఆథెంటికేటర్ యాప్ ఉచితం. సెక్యూరిటీ కీ అయితే ఫోన్‌లో ఎంత తీయగా అడిగినా చెప్పేందుకు అందులో అంకెలే ఉండవు. కుర్రాళ్లు అడుగుతున్నదీ దాదాపు ఇదే. మా పేరుతో మాకు అనుమతి ఇవ్వండి, పాస్‌వర్డ్ మాత్రం మాకొద్దు అని.