తోడేదీ ఆ ఏట్లోంచే, వదిలేదీ ఆ ఏట్లోకే

కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు క్రీక్ వెంట రొయ్యల గుంటలకు నీళ్ళు తోడే పంపులుంటాయి, వాడేసిన నీళ్ళు వదిలే తూములూ ఉంటాయి. రెండూ కలిసేది ఒకే ఏట్లో. నెల్లూరు తీరంలో ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న గొడవలో సగం అక్కడే ఉందని నా లెక్క.

ఎనభైల దాకా ఏటి పక్క చవుడు నేలల్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. యానాదులు పీతలు పట్టుకునేవాళ్ళు, పశువులు మేసేవి. ఆ తర్వాత టైగర్ రొయ్యకు జపాన్‌లో గిరాకీ పెరిగింది, హేచరీల సీడు, అంటే అమ్మకానికి పొదిగించిన రొయ్యపిల్లలు, దొరకసాగింది. తొంభైల మొదట్లో తవ్వకాలు ఊపందుకున్నాయి. చవుడు చాలక వరి కయ్యలూ గుంటలయ్యాయి. మొలగొలుకులు అనే వరి రకానికి పేరుపడ్డ జిల్లాలో వరి తీసేసి ఉప్పునీళ్ళు పెట్టారంటే లాభం ఏ స్థాయిలో కనబడిందో ఊహించుకోవచ్చు. పక్క కయ్యలోకి ఉప్పు ఊరుతోందని, తాగేనీళ్ళు చెడిపోయాయని, సముద్రానికి వెళ్ళే దారి మూసుకుపోయిందని ఫిర్యాదులూ అప్పుడే మొదలయ్యాయి.

దెబ్బ మాత్రం ఏటి వైపు నుంచే పడింది. మిగిలిన మేత, రొయ్యల రెట్ట గుంట అడుగున నల్లటి బురదగా పేరుకుంటాయి. ఆ నీళ్ళు ఏట్లోకి వదిలితే పోటుకు వెనక్కి తిరిగి ఇంకొకరి పంపులోకి ఎక్కుతాయి. 1994లో తెల్లమచ్చల వైరస్ వచ్చేసరికి దానికి దారి సిద్ధంగా ఉంది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రే ఎత్తితే వేసిన మేత వేసినట్టే ఉంటుంది. రొయ్యలు గట్టువారకు చేరి నీరసంగా తిరుగుతుంటాయి. తలపెంకు ఊడదీసి వెలుతురులో చూస్తే లోపల తెల్లటి చుక్కలు. వారం పది రోజుల్లో గుంట ఖాళీ. టెన్షన్‌లో తూము ఎత్తేస్తే ఆ వైరస్ నీళ్ళు కిందివాళ్ళకు పోయేవి.

అదే ఏడాది తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకెళ్ళారు. 1996 డిసెంబరు 11న తీర్పొచ్చింది: తీర నియంత్రణ మండలంలో (సముద్రం, ఏళ్ళ ఒడ్డున ఆంక్షలున్న మేరలో), సంప్రదాయ పద్ధతివి తప్ప, రొయ్యల చెరువులన్నీ తీసేయాలి. 1997 మార్చి 31 గడువు. గుంటలు పోలేదు. రివ్యూ పిటిషన్లతో అమలు ఆగింది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి పార్లమెంటు వాటికి రక్షణ కల్పించింది.

2009లో ప్రభుత్వం వెనామీకి అనుమతిచ్చింది. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు రొయ్య ఇది. చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వేసుకోవచ్చన్నారు, మన దగ్గర టైగర్‌ను మామూలుగా అంత చిక్కగా పెంచేవాళ్ళు కాదు. మేత పెరిగింది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు పెరిగాయి, బురదా పెరిగింది.

2005 నాటి నిబంధనల్లో ఒక కిటుకుంది. వాడేసిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు తీర నియంత్రణ మండలంలో 5 హెక్టార్లు, దాని బయట 10 హెక్టార్లు దాటిన చెరువులకే తప్పనిసరి చేశారు. వెనామీ గుంటలకు మాత్రం 2009లో ఏ సైజుదైనా ఆ ఏర్పాటు ఉండాలన్నారు. మన రైతుల్లో ఎక్కువమందివి రెండు హెక్టార్ల లోపువే. రెండేసి హెక్టార్లవాళ్ళు వందమంది ఒకే ఏటి మీద ఉంటే, 2005 లెక్కన కాగితం మీద పెద్ద చెరువు ఒక్కటీ లేదు. ఏట్లోకి వచ్చేది మాత్రం రెండు వందల హెక్టార్ల నీళ్ళు. 2005 చట్టానికి 2023లో చేసిన సవరణలో జైలుశిక్ష తీసేసి జరిమానాలు పెట్టారు.

జాగ్రత్తగా ఉండే రైతు ఇప్పుడు ఏటి నీళ్ళను నేరుగా గుంటలోకి ఎక్కించడు. ముందు వేరే గుంటలో నింపి, బ్లీచింగ్ కొట్టి, కొన్ని రోజులు ఆగి అప్పుడు సీడు వేస్తాడు. రొయ్యలు పట్టే రోజున తూము ఎత్తాక ఆ నీళ్ళు ఆగే గుంట మాత్రం చాలాచోట్ల కనబడదు.