అపోహలు – వాస్తవాలు: పదహారు మంది లేస్తే ఢిల్లీ కూలుతుందా?

2024 జూన్ 4 సాయంత్రం నుంచి పార్లమెంటు వ్యవహారాలు చూసేవాళ్లందరికీ ఎదురవుతున్న ప్రశ్న ఒక్కటే: "బాబు మద్దతు తీసేస్తే మోదీ ప్రభుత్వం పడిపోతుందా?" టీవీ చర్చల్లో అడిగేవాళ్ల సంగతి వదిలేయండి, వాళ్లకి అది కాలక్షేపం. అమరావతికి భూములిచ్చి పదేళ్లుగా ఎదురుచూస్తున్న రైతు అడిగితే మాత్రం అందులో సరదా ఏమీ ఉండదు. ఫలితాల రోజు సెన్సెక్స్ దాదాపు 4,390 పాయింట్లు పడటం చూసి భయంతో అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. మూడు ట్రేడింగ్ రోజుల్లో సూచీ మళ్లీ లేచింది. అమ్మినవాళ్ల డబ్బు మాత్రం తిరిగి రాలేదు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. ఆ భయాన్ని వాట్సాప్‌లో వండి వడ్డించేవాళ్ల మీదే చిరాకు.

అపోహ: టీడీపీ ఒక్కటి తప్పుకుంటే చాలు, కేంద్రం కూలిపోతుంది

కాగితం, పెన్ను తీసుకోండి. ఫలితాల నాటి అంకెలే వేద్దాం. బీజేపీ 240, టీడీపీ 16, జేడీయూ 12, షిండే శివసేన 7, చిరాగ్ పాశ్వాన్ పార్టీ 5. జనసేన, జేడీఎస్, ఆర్‌ఎల్‌డీ తలా 2. ఒక్కో సీటున్న పార్టీలు ఏడు. మొత్తం 293.

ఇందులోంచి 16 తీసేయండి. 277 మిగులుతుంది. మెజారిటీకి కావాల్సిన 272 కన్నా ఇంకా ఐదు ఎక్కువే. జనసేన ఇద్దరూ వెంట నడిచినా 275. జనసేన కాకుండా చిరాగ్ ఐదుగురు లేస్తే సరిగ్గా 272. అంటే అప్పుడూ మెజారిటీయే. టీడీపీ, జేడీయూ రెండూ కలిసి లేస్తే అంకె 265కి దిగుతుంది.

"అయితే కూలినట్టేగా" అంటారు. ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. 272 అనేది 543 మందీ సభకు వచ్చి ఓటేస్తే పనికొచ్చే అంకె. రాజ్యాంగం 100వ అధికరణ అడిగేది హాజరై ఓటేసినవాళ్లలో మెజారిటీ. లేచిపోయిన ఆ 28 మంది ఊరికే ఉండకుండా ఇండియా కూటమి 234తో కలిసి వ్యతిరేకంగా ఓటేశారనుకుందాం. అటు 262. ఇటు 265లో స్పీకర్ బీజేపీ సభ్యుడే కాబట్టి ఒకటి తగ్గించాలి. ఓట్లు సమానమైతే తప్ప స్పీకర్ ఓటు వేయరు. ఇటు 264.

మిగిలింది ఎవరు? రెండు కూటముల్లోనూ లేని 16 మంది. వైసీపీ నలుగురు, మజ్లిస్ ఒకరు, స్వతంత్రులు ఏడుగురు, ఒక్కో సీటున్న చిన్న పార్టీలు నాలుగు. వీళ్లంతా నినాదాలు చేసి వాకౌట్ చేస్తే ఫలితం 264–262. ప్రభుత్వం నిలబడుతుంది! అంటే ఆ రోజున చక్రం తిప్పేది పదహారు మందితో లేచిన పార్టీ కాదు, నలుగురితో తలుపు దగ్గర నిలబడ్డ పార్టీ.

వాకౌట్‌ని నిరసన అని పేపర్లలో రాస్తాం. కూడికలో చూస్తే అది ప్రభుత్వానికి అరువిచ్చిన అర ఓటు. 2008 జూలై 22న మన్మోహన్ ప్రభుత్వం 275–256తో గట్టెక్కినప్పుడు ఓటింగ్‌కి దూరంగా ఉన్నవాళ్లు పదిమంది. ఎన్నికల తర్వాత చిన్న పార్టీలతో మంతనాలు సాగుతున్నాయంటే "మాకు ఓటేయండి" అని మాత్రమే అడుగుతున్నారనుకోకండి. "ఆ పూట సభలో ఉండకండి చాలు" అని అడగడం చవక.

మరి మద్దతు ఉపసంహరణ లేఖ అందితే ఏం జరుగుతుంది?

ఆ రాత్రికి ఏమీ జరగదు. లేఖ ప్రభుత్వాన్ని దించదు, ఓటు దించుతుంది. లోక్‌సభకు మంత్రిమండలి బాధ్యత వహించాలని రాజ్యాంగం 75(3) అధికరణ చెబుతోంది కాబట్టి ఆ విశ్వాసం ఉందో లేదో తేలాల్సింది సభలోనే. రాష్ట్ర ప్రభుత్వాల బర్తరఫ్ మీద వచ్చిన బొమ్మై కేసులో 1994లో సుప్రీంకోర్టు రాష్ట్రాల విషయంలో గట్టిగా చెప్పిందీ అదే.

దారులు రెండు. మొదటిది, రాష్ట్రపతి ప్రధానిని పిలిచి బలం నిరూపించుకోమనడం. ప్రధాని విశ్వాస తీర్మానం పెడతారు. దీనికి లోక్‌సభ నియమావళిలో ప్రత్యేకంగా నియమం లేదు, 184వ నియమం కింద సాధారణ తీర్మానంగానే వస్తుంది. రెండోది 198వ నియమం కింద అవిశ్వాస తీర్మానం. ఉదయం 10 గంటల్లోపు నోటీసు ఇవ్వాలి. సభలో 50 మంది లేచి నిలబడాలి. అనుమతి కోరిన నాటి నుంచి పది రోజుల్లోపు చర్చ జరగాలి.

ఈ యాభై మందిని లెక్కపెట్టడం దగ్గరే బండి ఆగిపోతుంది. 2018 మార్చి 16న టీడీపీ ఎన్డీయే నుంచి బయటికొచ్చింది. అదే రోజుల్లో వైసీపీ, టీడీపీ పోటీపడి అవిశ్వాస నోటీసులిచ్చాయి. వెల్‌లో, అంటే స్పీకర్ కుర్చీ ముందున్న ఖాళీ చోట, ప్లకార్డులు పట్టుకుని నిలబడినవాళ్లుంటే తలలు ఎలా లెక్కపెట్టాలని స్పీకర్ ప్రతిరోజూ వాయిదా వేశారు. బడ్జెట్ సమావేశాలు అలాగే ముగిశాయి. ఓటింగ్ జరిగింది జూలై 20న. తీర్మానానికి అనుకూలం 126, వ్యతిరేకం 325. బయటికి రావడానికీ ఓటుకీ మధ్య నాలుగు నెలలు. ఫలితం ముందే తెలిసిందే, బీజేపీ 2014లో ఒంటరిగానే 282 గెలిచింది.

ఇంకోవైపు 1999 చూడండి. ఏప్రిల్ 14న అన్నాడీఎంకే మద్దతు తీసేసింది, 17న ఓటింగ్. వాజపేయి ప్రభుత్వానికి 269, వ్యతిరేకంగా 270. ఆ రోజు స్పీకర్ స్థానంలో ఉన్నది మన అమలాపురం ఎంపీ బాలయోగి. గిరిధర్ గమాంగ్ రెండు నెలల ముందే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, లోక్‌సభ సీటుకి మాత్రం రాజీనామా చేయలేదు. ఓటేయాలా వద్దా అన్నది ఆయన మనస్సాక్షికే వదిలేశారు బాలయోగి. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. అందరికీ గుర్తున్నది ఈ ఒక్క పేరే. పార్టీ నిర్ణయాన్ని కాదని వ్యతిరేకంగా ఓటేసిన నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ ప్రభుత్వం వైపు వేసి ఉంటే 270–269 అయ్యేది. ఆఖరి నిమిషంలో మనసు మార్చుకున్న బీఎస్పీ ఐదుగురి సంగతి అయితే ఎవరూ ఎత్తరు.

డివిజన్ అంటే, సభలో ఓట్లు లెక్కపెట్టే పద్ధతి, ఏమిటో తెలిస్తే "బోర్డు మీద ఇంత చూపించింది, తర్వాత మార్చేశారు" అన్న పుకారు కూడా నమ్మరు. గంట మూడున్నర నిమిషాలు మోగుతుంది, లాబీల తలుపులు మూసేస్తారు. ఆకుపచ్చ మీట అవును, ఎరుపు కాదు, పసుపు తటస్థం. మీట సరిగ్గా నొక్కనివాళ్లు, పొరపాటున నొక్కినవాళ్లు చీటీలిస్తారు. తుది అంకె చీటీలు కలిపాకే. బోర్డు అంకె, తుది అంకె వేరుగా ఉంటే అందులో కుట్రేమీ లేదు.

అపోహ: విప్ (ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించి వేసిన ఓటు చెల్లదు

చెల్లుతుంది. సోజ్‌ని పార్టీ బహిష్కరించింది, ఓటు మాత్రం రికార్డులో అలాగే ఉంది. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలు సభ్యత్వాన్ని తీసేయగలదు, అదీ తర్వాత. పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే ఫిర్యాదు వెళ్తుంది, స్పీకర్ విచారిస్తారు, దానికి నెలలు పడుతుంది. ఇంకో మెలిక, పార్టీ నుంచి బహిష్కరణ అంటే ఎంపీ పదవి పోవడం కాదు.

ఇక "కూటమి మారితే ఫిరాయింపు కేసు పెట్టాలి" అనేవాళ్లకి: చట్టం సభ్యుడి గురించి మాట్లాడుతుంది, పార్టీ గురించి కాదు. పార్టీ మొత్తం పొద్దున ఒక కూటమిలో, సాయంత్రం ఇంకో కూటమిలో ఉన్నా పదో షెడ్యూలు కదలదు. సభ్యులు విడిగా వెళ్లాలంటే మూడింట రెండొంతుల మంది విలీనానికి ఒప్పుకోవాలి. పదహారు మందిలో పదకొండు, పన్నెండు మందిలో ఎనిమిది. మూడింట ఒక వంతు చాలన్న పాత చీలిక నిబంధన 2003లో 91వ సవరణతో పోయింది. 2019 జూన్‌లో టీడీపీ రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో కలిసినప్పుడు సరిపోయింది ఈ లెక్కే. స్వతంత్రులు ఎవరికైనా మద్దతివ్వొచ్చు, మంత్రి కూడా కావొచ్చు, పార్టీలో చేరితే మాత్రం సీటు పోతుంది.

స్పీకర్ పదవి కోసం చిన్న పార్టీలు ఎందుకు పట్టుబడతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఫిరాయింపు ఫిర్యాదు వెళ్లేది ఆ బల్ల మీదికే. 1998లో పన్నెండు మంది ఎంపీలతో టీడీపీ మంత్రి పదవుల జోలికి పోకుండా స్పీకర్ కుర్చీ దగ్గర నిలబడింది.

అపోహ: అతిపెద్ద పార్టీనే ముందు పిలవాలి

రాజ్యాంగంలో ఆ మాట ఎక్కడా లేదు. 75(1) ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారంటుంది, అంతే. 1989లో కాంగ్రెస్‌కి 197 వచ్చినా రాజీవ్ వద్దనుకున్నారు, 143 ఉన్న జనతాదళ్ నేత వీపీ సింగ్ ప్రధాని అయ్యారు. 1996లో 161 ఉన్న వాజపేయిని రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ పిలిచారు, పదమూడు రోజులకి ఓటింగ్ దాకా పోకుండానే రాజీనామా. రెండేళ్ల తర్వాత అదే వాజపేయిని రాష్ట్రపతి నారాయణన్ మద్దతు లేఖలు చూపించమన్నారు. కేంద్ర–రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ గవర్నర్ల కోసం చెప్పిన వరుసలో ఎన్నికల ముందు పొత్తుకే మొదటి స్థానం. 2024లో 293 మంది ముందే ఒక పొత్తులో ఉన్నారు కాబట్టి జూన్ 7న నేతను ఎన్నుకోవడం, 9న ప్రమాణం, విడిగా విశ్వాస పరీక్ష లేకుండానే అయిపోయింది.

అపోహ: మద్దతు లేఖలో రాయించుకుంటే ప్రత్యేక హోదా వచ్చేసేది

మద్దతు లేఖ ఒప్పంద పత్రం కాదు. అందులో ఎంపీల పేర్లు, పార్లమెంటరీ పార్టీ నేత సంతకం ఉంటాయి. అది వెళ్లేది రాష్ట్రపతికి. షరతు రాసినా ఏ కోర్టూ అమలు చేయించదు. చిన్న పార్టీ బేరం ఫలించేది బడ్జెట్‌లో. 2024 జూలై బడ్జెట్‌లో అమరావతికి ఆ ఏడాదికి 15,000 కోట్లు బహుపాక్షిక సంస్థల (ప్రపంచ బ్యాంకు లాంటివి) ద్వారా ఏర్పాటు చేస్తామన్నారు. అదే నెలలో బిహార్‌కి ప్రత్యేక హోదా కుదరదని పార్లమెంటులో రాతపూర్వకంగా చెప్పారు, అడిగింది జేడీయూ ఎంపీయే. హోదా ఇవ్వకుండా నిధులివ్వడం కేంద్రానికి తేలిక.

మిగిలినవి గబగబా

"అడిగినన్ని మంత్రి పదవులు" కుదరదు. ప్రధానితో కలిపి లోక్‌సభ బలంలో 15 శాతం, అంటే 81కి మించకూడదు. 2024 జూన్ 9న ప్రమాణం చేసింది 72 మంది.

"మైనారిటీ ప్రభుత్వం ఐదేళ్లు ఉండదు" అనేవాళ్లకి పీవీ గుర్తుండాలి. 1993 జూలై 28న అవిశ్వాసం 251–265తో వీగింది. ఆ గెలుపు వెనక జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీలకు ఇచ్చిన ముడుపుల మచ్చ ఉంది. సభలో ఓటుకి లంచం తీసుకున్న సభ్యుడికి 1998లో దొరికిన రక్షణని సుప్రీంకోర్టు 2024 మార్చి 4న తీసేసింది.

"బయటి నుంచి మద్దతు బలమైనదే" అంటే, చంద్రశేఖర్, దేవెగౌడ, గుజ్రాల్ ముగ్గురినీ బయటినుంచి మోసింది కాంగ్రెసే. ముగ్గురిలో ఎవరూ ఏడాది నిండా ఉండలేదు. 2004లో వామపక్షాలు నాలుగేళ్లు మోశాయి, అది మినహాయింపు.

"ఎవరికీ బలం లేకపోతే కేంద్రంలో రాష్ట్రపతి పాలన" అన్నది శుద్ధ తప్పు. రాష్ట్రపతి పాలన విధించే 356వ అధికరణ రాష్ట్రాలకే. కేంద్రంలో మంత్రిమండలి లేని రోజు ఉండకూడదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. ఓడిన ప్రధాని కొత్తవారు వచ్చేదాకా కొనసాగుతారు. 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటుతో ఓడిన వాజపేయి అక్టోబర్ దాకా ఉన్నారు. కార్గిల్ యుద్ధం ఆ మధ్యలోనే జరిగింది.