చూపుడు వేలికి 14 శాతం

విశాఖలోని గాజువాక ఆటోనగర్ షెడ్డులో పవర్ ప్రెస్ (లోహపు రేకును నొక్కి కోసే యంత్రం) కింద చూపుడు వేలు మొత్తం పోగొట్టుకున్న కార్మికుడు సంపాదించే శక్తిలో 14 శాతం కోల్పోయాడని చట్టంలోని పరిహార పట్టిక లెక్క వేస్తుంది. బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. నెలకు 15,000 రూపాయల జీతం ఉన్న ముప్పై ఏళ్ల మనిషికి చూపుడు వేలి కింద వచ్చేది సుమారు 2 లక్షల 62 వేలు. ఆ తర్వాత అతణ్ని మళ్లీ ప్రెస్ మీద ఎవరు కూర్చోబెడతారన్నది పట్టికలో లేదు.

1881 నాటి తొలి ఫ్యాక్టరీల చట్టం యంత్రాలకు రక్షణ ఉండాలంది గాని, చెయ్యి పోయినవాడికి ఏమివ్వాలో చెప్పలేదు. 1923లో చేసి 1924 జూలై 1న అమల్లోకి తెచ్చిన కార్మికుల పరిహార చట్టంతోనే, యజమాని తప్పును రుజువు చేయకుండా, పని వల్ల పనిలో ఉండగా దెబ్బ తగిలిందని చూపిస్తే చాలునన్న నియమం వచ్చింది. అప్పటికి విశాఖలో రేవు కూడా లేదు. రేవు 1933లో తెరుచుకుంది, సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి 1941లో శంకుస్థాపన జరిగింది, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ పైన ఉక్కు కర్మాగారం, వాటి చుట్టూ చిన్న షెడ్లు వచ్చాయి.

ఆ నియమానికి మొదటి నుంచీ ఒక మినహాయింపు ఉంది. కార్మికుడు తాగి ఉన్నా, భద్రత కోసం యంత్రానికి పెట్టిన గార్డును, అంటే అడ్డు కవచాన్ని, కావాలని తీసేసినా యజమాని పరిహారం ఇవ్వనక్కర్లేదు. మరణానికీ, 1995 సవరణ తర్వాత శాశ్వత సంపూర్ణ వైకల్యానికీ ఈ సాకు చెల్లదు గాని, రెండు వేళ్లు పోయినవాడి మీద ఇప్పటికీ ప్రయోగించవచ్చు. గార్డు ఉంటే పని నెమ్మదిస్తుంది, పీసుల లెక్కన కూలి ఇచ్చే చోట ఆ నెమ్మది కార్మికుడి జేబుకే కోత. ఆ పరిస్థితిలో గార్డు తీసిన చెయ్యి ఎవరిదైనా, తీయించింది కూలి లెక్కే అని నా అభిప్రాయం.

శాతాల పట్టికకు గట్టి సమాధానం 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. ఎడమ చేయి మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగిది పాక్షిక వైకల్యమేనన్న యజమాని వాదనను నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చి, ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అది సంపూర్ణ వైకల్యమేననీ, పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే చెల్లించాల్సిన బాకీ అనీ తేల్చింది. అయితే ఆ తీర్పును తన కేసుకు అన్వయింపజేసుకోవాలంటే ముందు తాను ఏ పని చేసేవాడో, ఎవరి దగ్గర చేసేవాడో కార్మికుడు చూపించాలి.

కాంట్రాక్టు కార్మికుడు చిక్కుకునేది ఇక్కడే. పని చేయించుకున్న అసలు యజమాని కూడా బాధ్యుడేనని 1923 చట్టం స్పష్టంగా చెప్పినా, హాజరు పట్టీలో పేరు లేనివాడికి ఆ సెక్షన్ దూరమే. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి చనిపోయిన 11 మందిలో ఎక్కువ మంది కాంట్రాక్టు సంస్థల వాళ్లే. ఇఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్నవాడు పరిహారం తేల్చే అధికారి దగ్గరికి వెళ్లనక్కర్లేదు, వెళ్లే వీలూ లేదు. అతనికి చికిత్సతో పాటు శాశ్వత వైకల్యానికి నెలనెలా చెల్లింపు ఉంటుంది. ఇఎస్‌ఐలో నమోదు కానివాడికి మిగిలేది ఆస్పత్రి కాగితమే, అందులోనూ చేర్చేటప్పుడు వెంట వచ్చినవాళ్లు ‘ఇంట్లో పడ్డాడు’ అని రాయిస్తే తర్వాత దాన్ని మార్చడానికే ఏళ్లు పడతాయి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ 1923 చట్టాన్ని, దాని పట్టికతో సహా, తనలో కలుపుకుంది. అదే రోజు అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్, విద్యుత్తుతో నడిచే చోటు ‘ఫ్యాక్టరీ’ కావడానికి 1948 చట్టం పెట్టిన పది మంది పరిమితిని ఇరవైకి పెంచింది. పదిహేను మందితో ప్రెస్సులు నడిపే షెడ్డు ఇప్పుడు ఆ నిర్వచనం బయట ఉంటుంది.