డిగ్రీ ఉంది కదా, ఏడాదిలో నర్సు అవ్వచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బీకాం చదివి షోరూంలో బిల్లింగ్ చేసేవాళ్లు, బీటెక్ అయ్యాక కాల్ సెంటర్‌లో విసిగిపోయినవాళ్లు, పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక ఇప్పుడైనా ఏదైనా చేద్దామనుకునే గృహిణులు. నేను నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్తానని తెలిసి, ఎవరో ఒకరి ద్వారా నా నంబర్ పట్టుకుంటారు. అడిగేది మాత్రం ఒక్కటే: "మేడం, డిగ్రీ ఉన్నవాళ్లకి ఏడాదిలోనే నర్సింగ్ అయిపోతుందట కదా?"

అవ్వదు. మన దేశంలో అవ్వదు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అమెరికాలో వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్ల కోసం యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అని, నర్సింగ్ డిగ్రీని తక్కువ కాలంలో ముగించే కోర్సు ఒకటి ఉంది. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు. అక్కడున్న మన తెలుగు అమ్మాయిలు కొందరు ఆ దారిలో వెళ్లి వీడియోలు పెడతారు, ఇక్కడివాళ్లు చూసి ఆశపడతారు. మన దగ్గర అలాంటి కోర్సే లేదు. మీకు బీటెక్ ఉన్నా, ఎంబీఏ ఉన్నా, ఎమ్మెస్సీ జువాలజీ ఉన్నా ఒక్క సెమిస్టర్ కూడా తగ్గదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అంటే మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ అంటే నాలుగేళ్లు, ఇంటర్ పాసై వచ్చిన పిల్లల పక్కనే కూర్చోవాలి. నేనూ బీకాం తర్వాత ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో లెక్కలు రాస్తూ, అది మానేసి జీఎన్ఎంలో చేరినదాన్నే. మా రోజుల్లో అది మూడున్నరేళ్లు. క్లాసులో అందరూ నన్ను అక్కా అనేవాళ్లు, ఒక ట్యూటర్ నాకంటే చిన్నది. మొదటి నెల సిగ్గనిపించింది. తర్వాత అనాటమీ పరీక్ష దగ్గరపడేసరికి సిగ్గుపడే తీరిక లేకుండా పోయింది.

పెద్ద అపోహ: "కాలేజీకి వెళ్లక్కర్లేదు, పరీక్షలు రాస్తే చాలు"

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఏజెంట్లు దీన్ని నాన్ అటెండింగ్ అంటారు. పక్క రాష్ట్రంలో కాలేజీ, ఇక్కడ మీ ఉద్యోగం మీరు చేసుకోవచ్చు, ఏడాదికోసారి వెళ్లి పరీక్ష రాసి రావచ్చు, రికార్డులు వాళ్లే రాయించి పెడతారు. ఉద్యోగం మానలేనివాళ్లకి, చంటిపిల్లలున్నవాళ్లకి ఇది దేవుడిచ్చిన వరంలా వినిపిస్తుంది. అందుకే ఈ ఉచ్చులో పడేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ తర్వాత వచ్చేవాళ్లే. ఇంటర్ పిల్లలకి కాలేజీకి వెళ్లడం పెద్ద సమస్య కాదు కదా.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ (ఐఎన్‌సీ) నిబంధన చూడండి. థియరీకి కనీసం 80 శాతం హాజరు ఉండాలి. క్లినికల్ పోస్టింగ్, అంటే ఆసుపత్రి వార్డుల్లో చేసే శిక్షణ మాత్రం, సర్టిఫికెట్ చేతికి వచ్చేలోపు నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. జ్వరమొచ్చి నాలుగు రోజులు మానితే ఆ నాలుగు రోజులూ సెలవుల్లో వచ్చి వార్డులో డ్యూటీ చేసి తీర్చాలి. మా స్కూల్లో ప్రతి ఏడాదీ కోర్సు చివర ఇలా బాకీ డ్యూటీలు చేసేవాళ్లు కొందరుంటారు. అలాంటి చదువులో వార్డు మొహం చూడకుండా పాస్ చేస్తామని ఎవరైనా అంటే, వాళ్లు మీకు అమ్ముతున్నది చదువు కాదు.

కరీంనగర్ వైపు నుంచి ఒకావిడ వచ్చారు. డయాగ్నస్టిక్ సెంటర్‌లో రిసెప్షన్‌లో పనిచేసేవారు. గొలుసు కుదువపెట్టి ఏజెంటుకు డబ్బు కట్టారు. మార్కుల మెమోలు ఉన్నాయి, రంగురంగుల సర్టిఫికెట్ ఉంది, లామినేషన్ కూడా చేయించారు. ఏ కౌన్సిల్లో రిజిస్టర్ చేయించాలని అడగడానికి వచ్చారు. ఆ సంస్థ పేరు ఏ కౌన్సిల్ జాబితాలోనూ దొరకలేదు. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. డబ్బు పోతే పోయింది, అసలు దెబ్బ వేరే ఉంది. చేరినప్పుడు ఆవిడకి 33 ఏళ్లు, నా దగ్గరికి వచ్చేసరికి 36 దాటాయి. జీఎన్ఎంకి గరిష్ఠ వయసు 35. సరైన దారిలో చేరే అవకాశం కూడా ఆ మూడేళ్లలోనే జారిపోయింది. "నేను చదువుకున్నదాన్నే కదా మేడం, ఎలా నమ్మాను?" అని అడిగారు. నమ్మించడమే వాళ్ల వృత్తి అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

ఈ నాన్ అటెండింగ్‌కి తమ్ముడు ఆరు నెలల కోర్సు. బస్టాండ్ల దగ్గర గోడల మీద, స్తంభాల మీద కనిపిస్తుంది: నర్సింగ్ శిక్షణ, వంద శాతం జాబ్ గ్యారంటీ. ఇందులో అన్నీ మోసాలని అనను. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ నిజంగానే ఉంది, ప్రభుత్వ పథకాల కింద ఉచితంగా కూడా నేర్పిస్తారు. మంచాన పడ్డవాళ్లకి స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం గౌరవమైన పని. కానీ అది చేసినవాళ్లు నర్సులు కారు. పదేళ్లు చేసినా అనుభవంతో నర్సుగా ప్రమోషన్ రాదు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటేనే నర్సు, లేకపోతే కాదు, మధ్యలో ఇంకేమీ లేదు.

"మరి ఇగ్నోలో దూరవిద్యలో బీఎస్సీ నర్సింగ్ ఉందిగా?" అని తెలివిగా అడిగేవాళ్లూ ఉంటారు. ఇగ్నోలో ఉన్నది పోస్ట్ బేసిక్. అప్పటికే జీఎన్ఎం చేసి, రిజిస్టర్ అయి, ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసం. కొత్తగా వచ్చేవాళ్లకి కాదు.

చేరేముందు నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ స్కూలు పేరు ఐఎన్‌సీ వెబ్‌సైట్‌లో ఉందా, ఏ కోర్సుకి ఎన్ని సీట్లతో ఉంది? రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందా? క్లినికల్ పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో, అక్కడ ఎన్ని పడకలు? కిందటి బ్యాచ్‌లో పాసైనవాళ్లకి రిజిస్ట్రేషన్ నంబర్, ఎన్‌యూఐడీ వచ్చాయా, వాళ్లలో ఒకరితో ఫోన్‌లో మాట్లాడించగలరా? ఈ చివరి ప్రశ్నకి నీళ్లు నమిలితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఎన్‌యూఐడీ అంటే రిజిస్టర్ అయిన ప్రతి నర్సుకీ జాతీయ రిజిస్టర్‌లో ఇచ్చే నంబర్. వేరే రాష్ట్రంలో చదవడం తప్పేమీ కాదు. మా స్టాఫ్‌లోనే బెంగళూరులో శుభ్రంగా చదివి వచ్చినవాళ్లున్నారు. వాళ్లు ముందు అక్కడి కౌన్సిల్లో రిజిస్టర్ అయి, ఎన్ఓసీ తెచ్చుకుని ఇక్కడికి మార్చుకున్నారు. విదేశాలకి వెళ్లాలనుకునేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. ఎన్ని గంటల థియరీ, ఎన్ని గంటల క్లినికల్ చేశారో అక్కడివాళ్లు ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతారు, అదీ మీ చేతి నుంచి కాదు, నేరుగా స్కూలు నుంచి తెప్పించుకుంటారు.

"బైపీసీ లేదు కాబట్టి నర్సింగ్ లేదు"

సగం నిజం. బీఎస్సీ నర్సింగ్‌కి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం కావాలి, ఇంగ్లిష్ పాసై ఉండాలి. జీఎన్ఎంకి సైన్సువాళ్లకి ప్రాధాన్యం ఉంటుంది గానీ, ఇంగ్లిష్‌తో ఇంటర్ 40 శాతంతో పాసైన ఆర్ట్స్, కామర్స్ వాళ్లూ అర్హులే. నేను సీఈసీ. జీఎన్ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ చేస్తే బీఎస్సీకి సమానమవుతుంది. అన్నట్టు, జీఎన్ఎం ఎత్తేస్తున్నారని కొన్నేళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. మా క్లాసులు నిండుగానే ఉన్నాయి.

ఇక్కడ చూసేది మీ డిగ్రీ మార్కులు కాదు, ఇంటర్ మార్కులు. ఆ మెమో ఎక్కడుందో ముందు వెతుక్కోండి.

"వయసైపోయింది, ఇంక గవర్నమెంట్ జాబ్ రాదు"

చదవడానికి వయసు వేరు, ఉద్యోగానికి వయసు వేరు. ఈ రెండూ కలిపేసి కొందరు అనవసరంగా బెంగపడతారు, కొందరు అనవసరంగా ధీమాగా ఉంటారు. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నార్‌సెట్ అనే పరీక్ష రాయాలి, దానికి జనరల్ వాళ్లకి గరిష్ఠ వయసు 30. జీఎన్ఎం వాళ్లయితే పైగా యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. అంటే 28 ఏళ్లకి జీఎన్ఎంలో చేరేవాళ్లు, సడలింపు లేకపోతే, ఎయిమ్స్ మాట మర్చిపోవాలి. రాష్ట్ర ప్రభుత్వం కథ వేరు. తెలంగాణలో 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు 46 ఏళ్ల వరకు అవకాశమిచ్చారు. పైగా ఎంపికకి లెక్కేసిన వంద మార్కుల్లో ఇరవై, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్‌లో చేసిన సర్వీసుకి. పాసైన వెంటనే ఏదో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్ట్ అయినా పట్టుకోమని నేను పిల్లలకి చెప్పేది అందుకే.

పెళ్లైనవాళ్లని తీసుకోరన్నది ఒట్టి మాట. హాస్టల్లో ఉండాలా, ఇంటి నుంచి రావచ్చా అన్నది ఒక్కో స్కూల్లో ఒక్కోలా ఉంటుంది, అడిగి తెలుసుకోండి. మగవాళ్లకి జీఎన్ఎం, బీఎస్సీ రెండూ ఉన్నాయి, ఏఎన్ఎం (పల్లెల్లో, సబ్‌సెంటర్లలో పనిచేసే నర్సుల కోర్సు) మాత్రం ఆడవాళ్లకే. ఎయిమ్స్ పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకి, 20 శాతం మగవాళ్లకి. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయంటారా, మొదటి వారం అందరికీ తిరుగుతాయి.

"నర్సులకి జీతాలు బాగా పెరిగాయట"

ప్రైవేటులో? సుప్రీంకోర్టు చెప్పాక 2016లో కేంద్రం వేసిన కమిటీ యాభై పడకల్లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకి 20,000కి తగ్గకూడదని సిఫార్సు చేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మా దగ్గర పాసైన పిల్లలు చిన్న ఆసుపత్రుల్లో అంతకంటే తక్కువకి చేరుతున్నారు. ఐటీ జీతం వదిలి వచ్చేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకుని బాండ్ రాయించుకునే ఆసుపత్రులూ ఉన్నాయి, సంతకం పెట్టేముందు చదవండి.

విదేశాలంటారా, అమెరికాలో నర్సు లైసెన్సుకి రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు. రాసి పాసైన మాత్రాన అమెరికా విమానం ఎక్కరు. గ్రీన్‌కార్డు వరుస ఏళ్ల తరబడి సాగుతుంది. మామూలు వార్డు నర్సు ఉద్యోగానికి హెచ్1బీ దొరకడం చాలా అరుదు. జర్మనీకైతే జర్మన్ భాష బీ2 స్థాయి కావాలి, అది ఇంటి దగ్గర యాప్‌లో వచ్చేది కాదు. ఇప్పటికే అమెరికాలో హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు అక్కడ చదవడం వేరే విషయం. మా బంధువుల అమ్మాయి ఒకతె డాలస్‌లో అలాగే చేసింది. కోర్సు ఏడాదిన్నరలోపే అయినా, అంతకుముందు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ లాంటి ముందస్తు సబ్జెక్టులు చదవడానికి విడిగా సమయం పట్టింది. వీడియోల్లో ఆ భాగం చెప్పరు.

చివరగా ఇంట్లోవాళ్ల సంగతి. మూడేళ్లు సంపాదన ఉండదు, స్టైపెండ్ ఉన్నచోట కూడా అది బస్సు ఖర్చులకి సరిపోతే గొప్ప. ఉదయం పోస్టింగ్, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం రికార్డులు, నడుమ నైట్ డ్యూటీలు. కాబట్టి నన్ను కలవడానికి వచ్చేవాళ్లకి ఒకటే చెప్తాను: ఈసారి మీ భర్తనో, అత్తగారినో, అమ్మనో వెంట తీసుకురండి. పిల్లల్ని బడి నుంచి ఎవరు తీసుకొస్తారు, నైట్ డ్యూటీ రోజు ఎవరు చూసుకుంటారు అన్నది వాళ్ల ముందే అడుగుతాను. వస్తూ ఇంటర్ మెమో, పదో తరగతి సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ జిరాక్స్‌లు తెచ్చుకోండి. ఆ ఏడాది నోటిఫికేషన్ పక్కన పెట్టుకుని, మీకు ఏ సీటు వచ్చే అవకాశం ఉందో అప్పుడే చూసేయొచ్చు.