విండోస్ అప్‌డేట్‌ను వద్దనే వీలు ఎప్పుడు పోయింది?

విండోస్ అప్‌డేట్‌ల మీద గొడవ మళ్లీ రాజుకుంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. అదే రోజు విండోస్ 11కి వచ్చిన నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్ వేసుకుంటే, రికవరీ స్క్రీన్‌లో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేశాయి. సిస్టమ్ బూట్ కానప్పుడు మనకు మిగిలే చోటు అదే. ట్రబుల్‌షూట్ అన్న బటన్ ఎదురుగా కనిపిస్తుంది, దాన్ని నొక్కే మార్గం ఉండదు. మామూలుగా విండోస్‌లో ఉన్నంతసేపూ అదే కీబోర్డు, అదే మౌస్ చక్కగా పనిచేస్తాయి కాబట్టి, ఆపద వచ్చేదాకా లోపం బయటపడదు. 20వ తేదీన మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ ఇచ్చింది. కానీ అప్పటికే బూట్ కాకుండా ఆగిపోయిన మెషీన్ దాన్ని తనంతట తాను డౌన్‌లోడ్ చేసుకోలేదు.

బ్లూ స్క్రీన్‌ల కాలం సంగతి అందరికీ తెలుసు. 1998లో బిల్ గేట్స్ పక్కనే ఉండగా వేదిక మీదే విండోస్ 98 కుప్పకూలడం చూడనివాళ్లు తక్కువ. విండోస్ ఎక్స్‌పీతో ఇళ్లలోని కంప్యూటర్లు కూడా, అప్పటిదాకా ఎక్కువగా ఆఫీసుల్లో వాడిన ఎన్‌టీ అనే గట్టి పునాది మీదికి వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. ఇప్పటి కోపానికి మూలం అక్కడ లేదు. 2014 జులై నుంచి 2015 జులై దాకా నడిచిన ఏడాదిలో ఉంది.

2014 జులైలో సత్య నాదెళ్ల 18,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. అందులో ఎక్కువ భాగం మైక్రోసాఫ్ట్ కొన్న నోకియా ఫోన్ల విభాగం నుంచి వచ్చినవాళ్లదే కాబట్టి వార్తలన్నీ ఫోన్ల చుట్టూ తిరిగాయి. ఆ సందడిలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ల ఉద్యోగాలూ పోయిన సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు. విడిగా టెస్టింగ్ బృందాలు ఉండటం కన్నా, కోడ్ రాసినవాళ్లే పరీక్షించి సరిచేసుకోవడం మేలన్నది నాదెళ్ల ఆలోచన. ఆ ఏడాదే ఇన్‌సైడర్ ప్రోగ్రామ్ మొదలైంది. ఇంకా పూర్తికాని విండోస్‌ను ఇష్టపడి వేసుకునే వాలంటీర్లు తప్పులు చెబుతారు, కంపెనీ దిద్దుకుంటుంది అన్నారు.

2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. హోమ్ ఎడిషన్‌లో అప్‌డేట్‌ను ఆపుకునే స్విచ్ తీసేశారు. పైగా ప్యాచ్‌లన్నీ ఒకే మూటగా రావడం మొదలైంది. ఇది కావాలి, అది వద్దు అనే మాటకు తావు లేదు. 2016 అక్టోబర్ నుంచి విండోస్ 7, 8.1లకూ నెలవారీ మూటలే దిక్కయ్యాయి.

ఈ రెండు నిర్ణయాల్లో ఏ ఒక్కటి విడిగా వచ్చినా జనం సర్దుకునేవాళ్లేమో. పరీక్ష తగ్గినా, వద్దనే వీలు ఉంటే నాలుగు రోజులు ఆగి, ముందు వేసుకున్నవాళ్లకు ఏమైందో చూసి వేసుకుంటాం. వద్దనే వీలు లేకపోయినా, పరీక్ష గట్టిగా జరుగుతుందంటే ఆ భరోసాతో ఉంటాం. రెండూ ఒకేసారి పోయాయి.

మైక్రోసాఫ్ట్ వాదనలోనూ బలం ఉంది. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే మాల్‌వేర్ దేశదేశాల కంప్యూటర్లను తాళం వేసి పట్టుకుంది, బ్రిటన్‌లో ఆస్పత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. ఆ రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. సెక్యూరిటీ ప్యాచ్ తప్పనిసరి అంటే కాదనలేం. కానీ దాని వెనకే కొత్త ఫీచర్లు, మారిన మెనూలు, అడగని యాప్‌లు కూడా తప్పనిసరి ఎందుకయ్యాయన్న దానికి వానాక్రై జవాబు కాదు.

అంతకు ముందే నమ్మకం సగం పోయింది. 2016లో విండోస్ 7 వాడేవాళ్లకు విండోస్ 10కి అప్‌గ్రేడ్ చేసుకోమని ఒక విండో వచ్చేది. మూలన ఉన్న ఎక్స్ గుర్తు నొక్కితే అది మూసుకుపోయేది, అప్‌గ్రేడ్ మాత్రం చెప్పిన టైముకి జరిగిపోయేది. ఇన్నేళ్లుగా ఆ గుర్తుకు వద్దు అనే అర్థం. ఆ అలవాటునే వాడుకుని ఒప్పుకున్నట్టు లెక్క వేశారు. ఇది నా దృష్టిలో బగ్ కన్నా పెద్ద తప్పు. కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెంట్, అడగకుండా మొదలైన అప్‌గ్రేడ్ విఫలమై తన ఆఫీసు కంప్యూటర్ పాడైందని కోర్టుకెళ్లి 10,000 డాలర్లు గెలిచారు. ఆ ఏడాది చివర్లో మైక్రోసాఫ్ట్ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కపోసెలా, ఎక్స్ విషయంలో హద్దు దాటామని ఒప్పుకున్నారు. 1998లో గేట్స్ పక్కన నిలబడి స్కానర్ తగిలించిన యువకుడు ఆయనే.

ఇక 2018 అక్టోబర్. ఆ నెల 2న విడుదలైన అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫోటోలు తుడిచేసింది. ఇది ఎలా జరిగిందో కాస్త వివరంగా చూడాలి. సి డ్రైవ్‌లో చోటు చాలక చాలామంది డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను డి డ్రైవ్‌కు మార్చుకుంటారు. పాత చోట ఒక ఫోల్డర్ మిగిలిపోతుంది. ఒక్కోసారి అందులో ఫైళ్లూ ఉండిపోతాయి. అంతకు ముందు వెర్షన్‌లో ఖాళీ ఫోల్డర్లు రెండేసి కనిపిస్తున్నాయని ఫిర్యాదులొస్తే, వాటిని ఏరేయడానికి కొత్త కోడ్ చేర్చారు. ఆ కోడ్ పాత చోటున్న ఫోల్డర్‌ను లోపల ఫైళ్లున్నా తీసేసింది. తీసే ముందు ఖాళీగా ఉందా లేదా అని చూడాలన్నది ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాడికి కూడా తోచే జాగ్రత్త.

ఇంతకన్నా బాధ కలిగించేది, ఇన్‌సైడర్లు ఈ సంగతి విడుదలకు ముందే చెప్పడం. వాళ్లు తప్పులు రాసి, ఒకరి ఫిర్యాదుకు ఒకరు ఓటేసే ఫీడ్‌బ్యాక్ హబ్ యాప్‌లో రిపోర్టులు ఉన్నాయి. వాటికి పడ్డ ఓట్లు తక్కువ. ఐకాన్ బాగోలేదంటే వేలమంది ఓటేస్తారు. ఫైళ్లు పోయాయన్న మాటకు, ఫైళ్లు పోయిన కొద్దిమందే వేస్తారు. టెస్టర్ జీతం తీసుకునేది ఆ కొద్దిమంది మాటకు ఎంత బరువుందో తూచడానికి.

నాలుగు రోజుల్లోపే విడుదల ఆపేశారు, నవంబర్ 13న మళ్లీ ఇచ్చారు. నష్టపోయామని చెప్పినవాళ్లు వేసుకున్నవాళ్లలో 0.01 శాతమేనని కంపెనీ చెప్పుకుంది. పిల్లల ఫోటోలు పోయినవాళ్లకు ఆ శాతం ఏ ఓదార్పు ఇస్తుంది? ఆ తర్వాత ఫీడ్‌బ్యాక్ హబ్‌లో సమస్య తీవ్రత చెప్పే వీలు చేర్చారు. చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కినవాళ్లకు, ఇంకా అందరికీ పంపని ప్రివ్యూ అప్‌డేట్ కూడా వెళ్తోందని ఆ డిసెంబర్‌లో మైక్రోసాఫ్టే వివరించింది. జాగ్రత్తపరుడు సెక్యూరిటీ కోసం నొక్కే బటన్ అది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పుడు ఫైలు 85 లక్షల విండోస్ మెషీన్లను పడగొట్టిన ఉదంతాన్ని కూడా ఈ చర్చలోకి లాగుతున్నారు. ఆ ఫైలు మైక్రోసాఫ్ట్‌ది కాదు, ఆ నింద వాళ్ల మీద వేయడం న్యాయం కాదు. అయితే కొద్దిమందికి పంపి చూడకుండా ఒకేసారి అందరికీ వదిలేసే పద్ధతి ఏం చేస్తుందో అది చూపించింది.

సెక్యూరిటీని ఫీచర్ల నుంచి విడదీయడం కుదరదని ఇప్పుడు చెబితే నమ్మడం కష్టం. విండోస్ 10నే వాడుతున్నవాళ్లకు 2026 అక్టోబర్ దాకా ఇస్తామన్న పొడిగింపులో వచ్చేవి సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రమే. వైద్య పరికరాల్లాంటి వాటి కోసం సంస్థలకు అమ్మే ఎల్‌టీఎస్‌సీ ఎడిషన్‌లో ఏళ్ల తరబడి కొత్త ఫీచర్లు రావు. సంస్థల ఐటీ విభాగాలు నెలవారీ అప్‌డేట్‌ను 30 రోజులు, ఫీచర్ అప్‌డేట్‌ను 365 రోజుల దాకా వాయిదా వేసుకుని, ముందు తమ దగ్గర పరీక్షించుకుంటాయి. హోమ్ ఎడిషన్‌వాళ్లకు 2019 మేలో దక్కింది 35 రోజుల పాజ్. అది కూడా గడువు తీరాక, పేరుకున్నవన్నీ వేసుకుంటే తప్ప మళ్లీ పాజ్ చేయనిచ్చేది కాదు.