రెండు పడవల మీద కోచ్: అమెరికా వాలీబాల్‌లో కాలేజీ నుంచి జాతీయ జట్టు దాకా

2024 మే 4న కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో యూసీఎల్‌ఏ (లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) పురుషుల జట్టు లాంగ్ బీచ్ స్టేట్‌ను 3-1తో ఓడించింది. వరుసగా రెండో ఏడాది కాలేజీ జాతీయ టైటిల్ ఎగరేసుకుపోయింది. మూడు వారాలు తిరక్కముందే జాతీయ జట్ల టోర్నీ నేషన్స్ లీగ్ మొదలైంది. అమెరికా జాతీయ జట్టు బెంచీ మీద కూర్చున్నది అదే కోచ్, జాన్ స్పెరా. ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో ఇటలీని 3-0తో ఓడించి కాంస్యం తెచ్చిందీ ఆయన జట్టే. ఆ తర్వాత ఆయన రెండు కొలువులూ వదిలి అమెరికా వాలీబాల్ సమాఖ్యకు సీఈఓ అయ్యారు. 2013 నుంచి పదకొండేళ్లు ఒకే మనిషి రెండు పడవల మీద కాళ్లు పెట్టి ఎలా నిలబడ్డారో తెలియాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

అమెరికా పురుషుల జట్టు 1968 మెక్సికో తర్వాత 1984 దాకా ఒలింపిక్స్ గడప తొక్కలేదు. కారణం ప్రతిభ లేక కాదు. టోర్నీ ముందు కొన్ని వారాలు కలవడం, అయిపోగానే ఎవరి దారిన వాళ్లు పోవడం, అదీ అప్పటి పద్ధతి. ఒహాయో స్టేట్‌లో ఆడి, అక్కడే కోచ్‌గా పనిచేసిన డగ్ బీల్ 1977లో జట్టు పగ్గాలు పట్టి ఈ అలవాటును విరిచారు. ఒహాయోలోని డేటన్‌లో ఏడాది పొడవునా నడిచే శిబిరం పెట్టారు. కానీ మంచి ఆటగాళ్లంతా కాలిఫోర్నియా బీచ్‌లు వదిలి రామన్నారు. దాంతో 1981లో శిబిరమే శాన్‌డియాగోకు మారింది. యూటా కొండల్లో మంచులో మూడు వారాల నడక కూడా బీల్ పెట్టిందే. దానివల్ల ఆట ఎంత మెరుగైందో చెప్పలేం గానీ, ఎవరు ఉంటారో ఎవరు వెళ్లిపోతారో మాత్రం తేలింది.

ఆటలో ఆయన తెచ్చిన అసలు మార్పు సర్వీస్ అందుకోవడంలో ఉంది. అప్పటి జట్లు నలుగురైదుగురిని రిసీవ్‌కు నిలబెట్టేవి. బంతి ఇద్దరి మధ్య పడితే ‘నీదా నాదా’ అని చూసుకునేలోపే పాయింట్ పోయేది. బీల్, ఆయన సహాయకుడు బిల్ నెవిల్ కలిసి ఆ పని ఇద్దరికే అప్పగించారు. కార్చ్ కిరాయ్, ఆల్డిస్ బెర్జిన్స్ కలిసి 9 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పున్న అర కోర్టంతా కాచేవారు. ‘మధ్య బంతులు’ ఒక్క చోటికి తగ్గాయి. మిగతావాళ్లు పాస్ గురించి ఆలోచించకుండా దాడికి సిద్ధంగా ఉన్నారు. 1984 లాస్ ఏంజిలస్ ఫైనల్లో బ్రెజిల్‌పై 15-6, 15-6, 15-7. ఇలాంటి ఏర్పాటు కుదరాలంటే ఆ ఇద్దరూ ఏళ్ల తరబడి పక్కపక్కన నిలబడాలి. కొద్ది వారాల శిబిరంలో అయ్యే పని కాదు.

బీల్ తర్వాత వచ్చిన మార్వ్ డన్ఫీ అచ్చమైన కాలేజీ మనిషి. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయానికి 1978లో, 1985లో టైటిళ్లు గెలిపించి, సెలవు పెట్టి జాతీయ జట్టుకు వెళ్లారు. 1986 ప్రపంచ చాంపియన్‌షిప్, 1988 సియోల్ స్వర్ణం గెలిచి, మళ్లీ పెప్పర్‌డైన్‌కే వచ్చేశారు. 1992లో, 2005లో అక్కడ మరో రెండు టైటిళ్లు. సెలవు పెట్టి వెళ్లి తిరిగొచ్చే దారి అలా పడింది. 2009లో లాంగ్ బీచ్ స్టేట్ నుంచి వెళ్లిన ఆలన్ నైప్ కూడా అదే దారి పట్టారు. 2012 లండన్ క్వార్టర్ ఫైనల్లో ఇటలీ చేతిలో 0-3తో ఓడి తిరిగొచ్చారు. ఆ తర్వాత లాంగ్ బీచ్‌కు 2018, 2019, 2025లో టైటిళ్లు తెచ్చారు. రెండు చోట్లా పనిచేసిన వాళ్లలో హ్యూ మకచన్‌ది ఎదురు దిశ ప్రయాణం. 2008లో పురుషులకు స్వర్ణం, 2012లో మహిళలకు రజతం సాధించాక మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి వెళ్లారు.

స్పెరా సెలవు కూడా పెట్టలేదు. యూసీఎల్‌ఏలో ఆల్ స్కేట్స్ శిష్యుడిగా 1993, 1995 టైటిళ్లు గెలిచిన ఆటగాడు ఆయన. కోచ్‌గా యూసీ అర్వైన్‌కు 2007, 2009, 2012లో మూడు టైటిళ్లు తెచ్చాక స్కేట్స్ కుర్చీలోకి వచ్చారు. 2008 బీజింగ్ స్వర్ణం నాడు జాతీయ జట్టులో సహాయ కోచ్. 2013లో హెడ్ కోచ్ అయ్యాక కూడా యూసీఎల్‌ఏ వదల్లేదు.

ఇది సాధ్యమైంది క్యాలెండర్ పుణ్యాన. అమెరికాలో పురుషుల కాలేజీ సీజన్ జనవరిలో మొదలై మే మొదటి సగంలో ముగుస్తుంది. అంతర్జాతీయ సీజన్ మే చివర్లోనో జూన్‌లోనో మొదలై సెప్టెంబర్, అక్టోబర్ దాకా సాగుతుంది. రెంటి మధ్య సందు సన్నమే, అయినా ఉంది. మహిళల విషయంలో ఆ సందు లేదు. వాళ్ల కాలేజీ సీజన్ ఆగస్టు చివర్లో మొదలై డిసెంబర్‌లో ముగుస్తుంది. ఒలింపిక్స్ జరిగే రోజుల్లోనే కాలేజీ శిక్షణ మొదలవుతుంది. అందుకే పసిఫిక్ విశ్వవిద్యాలయం నుంచి 1985లో వచ్చిన టెరీ లిస్కెవిచ్ గానీ, టెక్సస్ నుంచి 1997లో వచ్చిన మిక్ హేలీ గానీ కాలేజీని పూర్తిగా వదులుకునే వచ్చారు. హేలీ సిడ్నీలో నాలుగో స్థానంతో ముగించి, యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం)కి వెళ్లి 2002, 2003 టైటిళ్లు గెలిచారు.

తేదీలు కుదిరినంత మాత్రాన పని కుదరదు. కాలేజీ కోచ్‌ది నారుమడి పని. పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి తెచ్చుకుని నాలుగేళ్లు పెంచుతాడు. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్‌లో సాధన వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదు, వారంలో ఒక రోజు సెలవు ఇవ్వాలి. 2025 దాకా పురుషుల జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే ఉండేవి. వాటినే ముక్కలు చేసి పంచాలి. అంటే కోచ్ సమయంలో పెద్ద భాగం ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరిని రప్పించాలి అనే బేరంలోనే పోతుంది. చెయ్యి ఊపు మార్చడానికి, అడుగుల వరస సరిచేయడానికి మాత్రం ఏళ్లున్నాయి.

జాతీయ కోచ్‌కు చేతికొచ్చేది కోతకొచ్చిన పంట. ఇటలీలో, పోలండ్‌లో ఏడెనిమిది నెలలు ఆడి, మోకాళ్లకు పట్టీలు కట్టుకుని, ఒక్కొక్కరు ఒక్కో వారంలో అనాహైమ్‌లోని శిబిరానికి వస్తారు. మొదటి పది రోజులు ఎగురుళ్లు లెక్కపెట్టి ఆపాలి. లేకపోతే జులైలో ముఖ్యమైనవాడే బెంచీ మీద ఉంటాడు. కాలేజీ నుంచి కొత్తగా వెళ్లిన కోచ్‌లు ఇక్కడే తప్పటడుగు వేస్తుంటారు: ముప్పై ఏళ్లవాడికి టెక్నిక్ పాఠం మొదలెడతారు. అతని చెయ్యి ఊపు క్లబ్బులో జీతం తెచ్చిపెట్టే ఊపు. మూడు నెలల్లో మార్చబోతే పాతది పోతుంది, కొత్తది రాదు. కోచ్ చేయగలిగింది అమరిక. మన గ్రౌండ్లలో లిఫ్టర్ అనే సెట్టర్‌కు, మిడిల్ బ్లాకర్‌కు మధ్య క్విక్ బంతి (నెట్ దగ్గర తక్కువ ఎత్తులో వేగంగా ఇచ్చే సెట్) టైమింగ్ కుదర్చాలి. ఇద్దరు రిసీవర్ల మధ్య పడే బంతి ఎవరిదో ముందే తేల్చాలి. బ్లాక్ ఏ దారి మూస్తే లిబరో (వెనక వరసలో బంతులు కాయడానికే ఉండే ఆటగాడు) ఏ దారి కాయాలో ఒప్పించాలి.

సర్వీస్ లెక్క కూడా స్థాయిని బట్టి మారుతుంది. ఉదాహరణకు జాగ్రత్తగా వేసే సర్వీసులో 5 శాతం తప్పులు పోతాయనుకుందాం. లోపల పడ్డవాటిలో ప్రత్యర్థి 70 శాతం పాయింట్లు గెలిస్తే, మనకు మిగిలేది 95లో 30 శాతం, అంటే నూటికి 28.5. గట్టిగా కొట్టే జంప్ సర్వీసులో 20 శాతం తప్పులు పోయినా, పాస్ చెదిరి ప్రత్యర్థి 55 శాతమే గెలిస్తే మనకు 80లో 45 శాతం, అంటే 36. పాస్ బలహీనంగా ఉండే చోట జాగ్రత్త సర్వీసుతోనే గెలవచ్చు. ఒలింపిక్ జట్టు మంచి పాస్ చేసిందంటే ఆ పాయింట్ దాదాపు పోయినట్టే. వరుసగా మూడు సర్వీసులు నెట్‌లో పడినా నాలుగోది కూడా కొట్టమని చెప్పే ధైర్యం కోచ్‌కు కావాలి. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు అది మొండితనంలా కనిపిస్తుంది.

స్పెరా రెండు పడవలకు లాభం ఒకటుంది: తన నారు తనకే పంటగా రావడం. మిడిల్ బ్లాకర్ డేవిడ్ స్మిత్ 2007లో యూసీ అర్వైన్‌లో ఆయన టైటిల్ జట్టు ఆటగాడు. పుట్టుకతోనే వినికిడి చాలా తక్కువ. లండన్ నుంచి పారిస్ దాకా నాలుగు ఒలింపిక్స్ ఆడాడు. వినికిడి యంత్రంతో ఆడే ఆటగాడికి వెనక నుంచి అరిస్తే చాలదు. కంటికి కనిపించే సైగ ఉండాలి. అలాంటి సర్దుబాట్లు కాలేజీ రోజుల్లో ఒకసారి చేసి ఉంటే జాతీయ శిబిరంలో మళ్లీ మొదటినుంచి మొదలెట్టక్కర్లేదు.

నష్టం కూడా ఉంది. 2015 ప్రపంచ కప్ గెలిచి, 2016 రియోలో రష్యాపై 0-2 నుంచి పుంజుకుని 3-2తో కాంస్యం తెచ్చిన జట్టు, టోక్యోలో అయిదు మ్యాచ్‌లలో రెండే గెలిచి గ్రూప్ దశలోనే ఇంటికొచ్చింది. ఒలింపిక్స్‌కు 12 మందే. రెండో లిబరోను తీసుకుంటే ఒక అటాకర్‌ను వదులుకోవాలి. యూరప్ క్లబ్బుల్లో ఎవరు ఎలా ఆడుతున్నారో చూడాల్సిన జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోచ్ కాలేజీ మ్యాచ్‌లలో ఉంటే, ఆ ఎంపికకు వీడియోలే దిక్కు. టోక్యో ఓటమికి ఇదే కారణమని అనలేం. ఆ గ్రూపులో ఫ్రాన్స్, బ్రెజిల్, అర్జెంటీనా, రష్యా లాంటి గట్టి జట్లు ఉన్నాయి.

మన దగ్గర ఈ చిక్కు ఈ రూపంలో రాదు. విశ్వవిద్యాలయ జట్లను నడిపేది ఫిజికల్ డైరెక్టర్లు. జాతీయ కోచ్‌లు ఎక్కువగా పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా, రైల్వేలు, పోలీసు, సర్వీసెస్ జట్ల దారిలో వస్తారు. 1990లో ఎ. రమణారావు, 1995లో ఎం. శ్యామ్ సుందర్ రావు వాలీబాల్‌కు ద్రోణాచార్య అందుకున్నారు. కాలేజీ కోచింగే పూర్తికాల వృత్తిగా, అక్కడి నుంచి నేరుగా జాతీయ బెంచీకి మెట్లు ఉండటం అమెరికా ప్రత్యేకత.

స్పెరా వెళ్లాక యూసీఎల్‌ఏ పగ్గాలు ఆయన సహాయకుడు జాన్ హాక్స్‌కు వచ్చాయి. మహిళల జట్టుకు టోక్యో స్వర్ణం, పారిస్ రజతం తెచ్చిన కిరాయ్ పురుషుల జట్టుకు మారారు. ఆయన ఎన్నడూ కాలేజీ హెడ్ కోచ్‌గా పనిచేయలేదు. మహిళల జట్టుకు టెక్సస్ నుంచి ఎరిక్ సలివన్ వచ్చారు. బీల్ రెండోసారి కోచ్‌గా ఉన్నప్పుడు 2000, 2004 ఒలింపిక్స్‌లో లిబరో సలివనే. సలివన్‌కు నియమాల మార్పు కూడా ఉంది. మహిళల కాలేజీ ఆటలో సెట్‌కు 15 సబ్‌స్టిట్యూషన్లు, లిబరోకు ఒక రొటేషన్‌లో (ఆటగాళ్లు వరసగా స్థానాలు మారే క్రమంలో ఒక వంతులో) సర్వీస్ చేసే అవకాశం ఉంటాయి. 2024 నుంచి రెండో టచ్‌లో డబుల్ (ఒకే ఆటగాడికి బంతి రెండుసార్లు తగలడం) కూడా తప్పు కాదు, బంతి తమ వైపే ఉంటే చాలు. అంతర్జాతీయ ఆటలో సబ్‌స్టిట్యూషన్లు ఆరే, లిబరో సర్వీస్ చేయకూడదు. వెనక వరసకు వెళ్లగానే అటాకర్‌ను మార్చేసే అలవాటు అక్కడ ఆ ఆరింటినీ సెట్ మధ్యలోనే అయిపోగొడుతుంది. అందుకని 2028 లాస్ ఏంజిలస్‌కు ఆయన వెతకాల్సింది ఆరు రొటేషన్లూ కోర్టులో ఉండి పాస్ కూడా చేయగల అటాకర్లను.